కొబ్బరికి పిలకలెందుకు పుట్టవు? టిష్యూ కల్చర్‌లో కాండం చెప్పే సంగతి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఉద్దానంలా లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకొరిగాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడి అంటు నాలుగైదేళ్ళలో ఎంతో కొంత చేతికొస్తుంది. దేశవాళీ పొడుగు రకం కొబ్బరి అలా కాదు. కాయ నాటాక కాపుకి ఆరేడేళ్ళు ఆగాలి, నిండు కాపు చూడాలంటే ఇంకా ఎక్కువే.

అలాంటప్పుడు ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. అరటి మొక్కలు టిష్యూ కల్చర్ (చిన్న ముక్కను సీసాలో పెంచి మొక్కలు తీసే పద్ధతి) పేరుతో ట్రేల్లో, లారీల్లో వేలకు వేలు దిగుతున్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వయసు, ఇంచుమించు ఒకేసారి గెల వేస్తాయి. మరి తుఫానుకి నిలబడ్డ, ఏడాదికి వందకు పైగా కాయలిచ్చే మంచి కొబ్బరి చెట్టు నుంచి చిన్న ముక్క కోసి, దానికి అచ్చు నకళ్ళు తీసి ఊరంతా నాటుకోవచ్చు కదా? ఎందుకు జరగడం లేదు?

డబ్బు చాలకో, ప్రభుత్వం పట్టించుకోకో అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం చెట్టు కాండంలో ఉంది.

కాండం ముక్క నుంచి మొక్క లేవడం మన పెరళ్ళలో కొత్తేం కాదు. మునగ కొమ్మ విరిచి గుచ్చితే చిగురిస్తుంది. మందార, నందివర్ధనం అంతే. చెరకు సాగు మొత్తం ఈ గుణం మీదే నడుస్తోంది. మూడు కళ్ళ ముచ్చె (గడ ముక్క) నరికి చాళ్ళలో పడుకోబెడితే, కణుపు దగ్గరున్న కన్ను మొలకై లేస్తుంది, ఆ కణుపు చుట్టూనే వేళ్ళు దిగుతాయి. కన్ను అంటే నిద్రపోతున్న మొగ్గ. పైన చివర ఎదుగుతున్నంత కాలం అది కింది కళ్ళను లేవనివ్వదు. చివర నరికేస్తే కింది కళ్ళు మేలుకుంటాయి. పెరట్లో గోరింట చివరలు తుంచితే గుబురుగా పెరగడం కూడా ఇదే.

టిష్యూ కల్చర్‌లో మొదటి దారి, ఎక్కువగా వాడే దారి, ఈ నిద్రపోయే కళ్ళను ముచ్చెలో కాకుండా సీసాలో లేపడమే. అందులో మాయ ఏమీ లేదు.

అరటిని దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మనం చెట్టు అనుకునే అరటి బోదె అసలు కాండమే కాదు, ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగులు. కూర వండుకునే దవ్వ గెలను మోసుకుంటూ మధ్యలోంచి పైకొచ్చిన కాడ. నిజమైన కాండం మట్టిలో ఉన్న దుంప. దాని చుట్టూ కళ్ళుంటాయి, ఆ కళ్ళే పిలకలు. ల్యాబులో చేసే పని కత్తిపీట ముందు కూర్చున్నట్టే మొదలవుతుంది. ఆరోగ్యమైన కత్తి పిలకను తవ్వి, వేళ్ళు చెక్కి, ఆకు తొడుగులను ఒక్కొక్కటే ఊడదీస్తూ పోతే చివరికి బొటనవేలంత తెల్లటి ముక్క మిగులుతుంది. దాని నడినెత్తిన, కంటికి సరిగా ఆనని బొడిపెలో, ఎదిగే కణాలుంటాయి. ముక్కను సబ్బు నీళ్ళతో కడిగి, శిలీంధ్రనాశినిలో ముంచి, స్పిరిట్‌లో ఓ క్షణం తిప్పి, బ్లీచింగ్ లాంటి మందులో కొన్ని నిమిషాలు ఉంచుతారు. ఎక్కువసేపు ఉంచితే ముక్క చస్తుంది, తక్కువసేపు ఉంచితే బూజు బతుకుతుంది.

తర్వాత దాన్ని సీసాలోని జెల్లీ మీద కూర్చోబెడతారు. ఆ జెల్లీ వంటింట్లో చైనా గ్రాస్ అని పిలిచే అగరే. లీటరు నీటికి 30 గ్రాముల పంచదార, నత్రజని, భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలు, కాసిని విటమిన్లు, వీటితో పాటు లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల హార్మోను. సీసాలను ముందే 121 డిగ్రీల ఆవిరిలో 15-20 నిమిషాలు ఉడికిస్తారు. పంచదార మనకెంత ఇష్టమో బూజుకీ అంతే ఇష్టం. సముద్రం పక్క ఊళ్ళలో వానాకాలం అటక మీది బెల్లం గతి ఏమవుతుందో తెలిసినవాళ్ళకు, ఈ సీసాలను శుభ్రంగా కాపాడటం ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

హార్మోను చేసే పని పై చివర పెత్తనాన్ని తీసెయ్యడం. బొడిపె పక్కన మరో బొడిపె, దాని పక్కన మరోటి పుట్టుకొస్తాయి. నాలుగు వారాలకోసారి విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తారు. ప్రతిసారీ ఒకటి మూడయిందనుకుంటే, ఎనిమిది మార్పుల్లో ఒక్క కన్ను 6,561 మొక్కలవుతుంది. ఆరడుగుల దూరంలో నాటే తోటకు ఎకరానికి సుమారు 1,210 మొక్కలు కావాలి. అంటే ఒక్క కంటి నుంచి ఐదెకరాలు. పొలంలో అదే దుంప ఒక పంటకాలంలో ఇచ్చే పిలకలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అయితే కన్నున్న చోట కన్ను లేవడం ఒక సంగతి. కన్నే లేని చోట మొగ్గ పుట్టించడం పూర్తిగా వేరు. దీని వెనక పెద్ద కథుంది.

మొక్కలోని ప్రతి బతికున్న కణానికీ మళ్ళీ పూర్తి మొక్కయ్యే శక్తి ఉండాలని 1902లో జర్మన్ మాటలాడే శాస్త్రవేత్త గాట్‌లీబ్ హేబర్లాండ్ట్ అన్నారు. ఆయన సీసాల్లో పెంచిన కణాలు మాత్రం ఒక్కసారి కూడా చీలలేదు. హార్మోనులంటే ఏమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. అర్ధ శతాబ్దం తర్వాత అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫోక్ స్కూగ్ బృందం పొగాకు కాండం నడిమి బెండును తీసుకుని పనిచేసింది. చెరకు గడ మధ్యలో తెల్లగా, బెండుగా ఉండే భాగం లాంటిదే అది. దాని పని అయిపోయిందని, ఇక కదలదని అందరూ అనుకునే కణాలవి. ఆక్సిన్ అనే హార్మోను ఒక్కటే ఇస్తే అవి ఉబ్బాయి తప్ప చీలలేదు. కొబ్బరి నీళ్ళు కలిపితే చీలాయి! అంటే కొబ్బరి నీళ్ళలో ఏదో ఉంది. ఆ ఏదో కోసం వెతుకుతూ ఉండగా, హెర్రింగ్ అనే చేప రేతస్సు నుంచి తీసిన పాత డీఎన్ఏ సీసా ఒకటి అదే పని చేసింది. కొత్త సీసా తెప్పిస్తే చేయలేదు. కొత్తదాన్ని ఆవిరిలో ఉడికిస్తే మళ్ళీ చేసింది! డీఎన్ఏ విరిగినప్పుడు పుట్టిన ఆ పదార్థమే కైనెటిన్. 1955లో బయటపడింది. అలాంటి పదార్థాలన్నిటినీ కలిపి ఇప్పుడు సైటోకైనిన్లు అంటున్నారు.

1957లో స్కూగ్, ఆయన సహచరుడు మిల్లర్ చూపించింది ఇవాళ్టికీ ప్రతి ల్యాబులో మొదటి పాఠం. ఆక్సిన్ పాలు ఎక్కువైతే కాండం ముక్కకు వేళ్ళొస్తాయి. సైటోకైనిన్ ఎక్కువైతే మొగ్గలొస్తాయి. రెండూ సరిసమానంగా ఉంటే ఆకారం లేని కణాల ముద్ద పెరుగుతుంది. దాన్నే కాలస్ అంటారు. పులుసులో ఉప్పూ పులుపూ లాంటి లెక్కే. విడివిడిగా ఎంతని కాదు, ఒకదానికొకటి ఎంతన్నదే ముఖ్యం. అయితే ఈ లెక్క పొగాకుకు బాగా కుదిరిందని అన్ని మొక్కలకూ కుదురుతుందనుకోవడం పెద్ద పొరపాటు. పాఠ్యపుస్తకాలు ఇక్కడే కొంచెం మోసం చేస్తాయి. పొగాకు, క్యారెట్ సీసాలో చాలా మర్యాదగా నడుచుకుంటాయి. వాటిని చూసి రాసిన సూత్రాన్ని జీడి చెట్టు ముందు పెడితే అది పట్టించుకోదు.

మొగ్గ పుట్టడంతో పని పూర్తి కాదు. మొగ్గకు వేరుండదు. విడిగా కోసి, వేరొచ్చే సీసాలో మళ్ళీ పెట్టాలి. ప్రతి మొక్కనూ మనిషి చేత్తో, కత్తితో, రెండుమూడు సార్లు కదపాలి. ల్యాబు ఖర్చులో కూలీలూ, ఏసీల కరెంటు బిల్లూ పెద్ద వాటా తినేసేది ఇందుకే.

రెండో దారిలో మొగ్గ కాదు, పిండం పుడుతుంది. విత్తనంలో ఉండే పిండం లాంటిదే, కానీ పువ్వూ పుప్పొడీ లేకుండా మామూలు కణం నుంచి పుట్టేది. మొదట గుండ్రటి పూసలా, తర్వాత గుండె ఆకారంలో, ఆపైన పొడుగ్గా సాగి, చివరికి బీజదళాలతో నిలబడుతుంది. విత్తనం లోపల కడుపులో ఉండగా పిండం ఏయే రూపాలు దాటుతుందో, అవే రూపాలు ఇక్కడ బయట వెలుతురులో కనిపిస్తాయి. మొగ్గకూ దీనికీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మొగ్గ తల్లి ముక్కకు నాళాలతో అతుక్కుని ఉంటుంది, ఒక్క చివరే ఉంటుంది. పిండానికి తలా తోకా రెండూ ఉంటాయి. ఇటు వేరు, అటు చిగురు. తల్లికి దాన్ని కలిపే నాళం ఉండదు. పట్టకారుతో తాకితే ఊడి వచ్చేస్తుంది. వేరు కోసం వేరే సీసా అక్కర్లేదు. ద్రవంలో పెంచితే ఒక్క కూజాలో వేలల్లో పుడతాయి.

1958లో క్యారెట్ కణాల నుంచి ఇలాంటి పిండాలను అమెరికాలో స్టీవార్డ్, జర్మనీలో రైనెర్ట్ వేర్వేరుగా చూశారు. స్టీవార్డ్ వాడినదీ కొబ్బరి నీళ్ళే. కాండం సంగతికొస్తే మన దేశంలో జరిగిన పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1965లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కోనార్, నటరాజ అనే ఇద్దరు, తడి నేలల్లో పెరిగే రానంక్యులస్ అనే కలుపు మొక్క మీద పనిచేశారు. సీసాలో పెరిగిన చిన్న మొక్కల కాండం పై పొరలో, ఒక్కో కణం నుంచి ఒక్కో పిండం, వరసగా కాండం పొడుగునా బయటికొచ్చింది. ఏ గాయమూ చేయక్కర్లేకుండా, కాండం చర్మం మీద పసిమొక్కలు పొక్కుల్లా లేచాయన్నమాట. అదే విశ్వవిద్యాలయంలో అంతకు ఏడాది ముందు సిప్రా గుహా, మహేశ్వరి కలిసి ఉమ్మెత్త పుప్పొడి సంచుల నుంచే పిండాలు తీశారు. శ్రీముఖలింగంలో శివుడి తలకెక్కే ఉమ్మెత్తకు ల్యాబు చరిత్రలో అంత పెద్ద పీట ఉందంటే చాలామంది నమ్మరు.

చాలా మొక్కల్లో పిండం పుట్టించే కీలు ఏమిటో వింటే వరి రైతులు నవ్వుతారు. అది 2,4-డి. గట్ల మీద, చేలల్లో వెడల్పాకు కలుపును చంపే మందు. ఎక్కువ మోతాదులో అది కలుపును మెలికలు తిప్పి చంపుతుంది. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములుంటే కణాన్ని దాని పాత పని మరిచిపోయేలా చేస్తుంది. నేను కాండం చర్మాన్ని, నేను బెండుని అన్న గుర్తింపు పోయి కణం పిండంగా మారడానికి సిద్ధపడుతుంది. అయితే మందు ఉన్నంతసేపూ ముందుకు కదలదు. దాన్ని తీసేసిన సీసాలోకి మార్చాకే పిండం రూపు దిద్దుకుంటుంది. ముందు అదిలించి తర్వాత వదిలెయ్యాలి.

అయితే కణాన్ని అంతగా కుదిపేశాక అన్నీ యథాస్థానంలోకి వస్తాయా? ఆయిల్‌పామ్ ఈ ప్రశ్నకు చాలా ఖరీదైన జవాబు చెప్పింది. విజయనగరం వైపు తోటల్లో పెరుగుతున్న ఈ చెట్టు కొబ్బరికి దగ్గరి చుట్టం. దీనికీ ఒక్క కాండమే, ఒక్క మొవ్వే, పిలకలుండవు. 1970లలో దీని లేత కణజాలం నుంచి కాలస్, దాన్నుంచి పిండాలు తీసి నకలు మొక్కలు తయారుచేశారు. మొక్కలు చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి. నాటిన రెండుమూడేళ్ళకు పూత వచ్చాక అసలు విషయం తెలిసింది. కొన్ని చెట్ల పూలలో మగ భాగాలు ఆడ భాగాల్లా మారిపోయాయి. కాయ మీద కాయ తొడుగు వేసుకున్నట్టు వికారంగా తయారైంది. ముదిరిన సందర్భాల్లో గెలలే నిలవలేదు. జన్యువుల అక్షరాలు చూస్తే తల్లి చెట్టువే, ఏ తేడా లేదు. 2015లో మలేసియా శాస్త్రవేత్తలూ వాళ్ళ సహచరులూ కారణం పట్టుకున్నారు. కర్మ అని పేరు పెట్టిన ఒక డీఎన్ఏ భాగం మీద ఉండాల్సిన రసాయన గుర్తులు, కల్చర్‌లో ఉండగా చెరిగిపోయాయి. అక్షరాలు మారలేదు గానీ వాటి మీది తాళం ఊడిపోయింది. ఇప్పుడు ఆ గుర్తులను నర్సరీలోనే ఆకు ముక్కతో పరీక్షించి చూడొచ్చు. కానీ అప్పటికి నాటేసిన రైతు నష్టపోయింది ఎకరాలే కాదు, ఏళ్ళు.

అందుకే అరటిలో పిండం దారి వీలైనా, వ్యాపార ల్యాబులు దుంప కన్ను దారినే ఎక్కువగా నమ్ముకుంటాయి. ఉన్న కన్నును లేపడంలో కణం తన గుర్తింపును మరిచిపోవాల్సిన పని లేదు. కాలస్ దాటి వచ్చినదాని కంటే, కన్ను నుంచి నేరుగా వచ్చినది తల్లిని ఎక్కువగా పోలి ఉంటుంది. ఆ దారిలోనూ మార్పుల సంఖ్యకు హద్దు పెట్టుకోవాలి. లాభం కోసం ఎనిమిదిని పన్నెండు, పదిహేను చేస్తే పొట్టివీ, ఆకు రంగు తేడావీ, గెల సరిగా రానివీ పెరుగుతాయి.

ఇక జీడి. ఇది మొండికేసే తీరు వేరు. జీడి కొమ్మ కోస్తే కారే జిగురు, కాయ పెంకులోని నూనె చేతికి అంటితే ఏమవుతుందో పలాసలో జీడి బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళ వేళ్ళు చెబుతాయి. ఆ ఫీనాల్ పదార్థాలే సీసాలోనూ కారతాయి. కోసిన వంకాయ నల్లబడినట్టు ముక్క చుట్టూ జెల్లీ నల్లబడి, ఆ నలుపే ముక్కను చంపుతుంది. వంకాయను ఉప్పు నీళ్ళలో వేసినట్టే, ఇక్కడ విటమిన్ సి కలుపుతారు, బొగ్గు పొడి వేస్తారు, చీకట్లో ఉంచుతారు, రెండు మూడు రోజులకే జెల్లీ మారుస్తారు. లేత మొలకల నుంచి తీసిన ముక్కలైతే కొంత దారికొస్తాయి. కానీ రైతుకు కావాల్సింది బాగా కాసిన పెద్ద చెట్టు నకలు. పెద్ద చెట్టు కొమ్మ ముదురుది, లోపల సూక్ష్మజీవులూ ఎక్కువ, వేరు వేయడం కష్టం. బాపట్లలో రూపొందిన బీపీపీ-8 లాంటి రకాలు నేటికీ లేత కొమ్మ అంటు ద్వారానే ఊళ్ళకు చేరుతున్నాయి. అంటు చాలినప్పుడు సీసా అక్కర్లేదు కూడా. టిష్యూ కల్చర్ అన్నది గొప్ప, అంటు అన్నది పాతకాలం అనుకోవడం వట్టి ఫ్యాషన్.

కొబ్బరికి ఆ అంటు దారి కూడా లేదు.

మామిడి కొమ్మను కోస్తే బెరడు కింద పచ్చగా, జారుగా ఒక పొర ఉంటుంది. గాయాన్ని మాన్పేదీ, అంటును అతికించేదీ అదే. కొబ్బరి కాండంలో ఆ పొరే లేదు. మానులో ఒకసారి గొడ్డలితో పడిన గంటు చెట్టున్నంత కాలం అలాగే ఉంటుంది, ఎప్పటికీ పూడదు. కణుపుల్లో నిద్రపోయే కళ్ళు లేవు, పక్క కొమ్మ లేదు, పిలక లేదు. చెట్టు మొత్తానికి ఎదిగేది ఒక్క మొవ్వులోని చిన్న బొడిపే. అది కుళ్ళితే చెట్టు పోయినట్టేనని మొవ్వు కుళ్ళు తెగులు చూసిన ప్రతి రైతుకూ తెలుసు. ల్యాబుకు ముక్క కావాలంటే ఆ బొడిపెనే కోయాలి. అంటే నకలు వస్తుందో రాదో తెలియని ప్రయోగం కోసం, తుఫానుకి నిలబడ్డ ఆ ఒక్క చెట్టునూ చంపుకోవాలి.

అందుకని శాస్త్రవేత్తలు పక్క దారులు పట్టారు. ఒకటి, ఇంకా విచ్చుకోని లేత పూగుత్తి. దాన్ని తీసినా చెట్టుకు ప్రాణహాని లేదు, నిజమైన నకలే వస్తుంది. కానీ కాలస్ రావడం, దాన్నుంచి పిండం రావడం, పిండం మొక్కగా నిలవడం, ఏ మెట్టులోనూ భరోసా లేదు. రెండోది కాయలోని పిండం. కొబ్బరి కాయకు మూడు కళ్ళుంటే అందులో మెత్తటి కన్ను కింద చిన్న మేకులాంటి పిండం ఉంటుంది. మొలకెత్తేటప్పుడు దాని ఒక చివర లోపలికి స్పాంజిలా ఉబ్బి కొబ్బరినీ నీళ్ళనీ పీల్చుకుంటుంది. పిల్లలు పోట్లాడుకుని తినే కొబ్బరి పువ్వు అదే. ఆ పిండంలోని చిగురు మొగ్గను కోసి కాలస్ చేసి, వందల మొక్కలు తీయడం సాధ్యమైంది. 2021లో బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తలు కాలస్ లేకుండానే ఆ చిగురును పక్క పిలకలుగా చీల్చే పద్ధతి చూపించారు. కొబ్బరికి లేని పిలకలను సీసాలో పుట్టించారన్నమాట.

ఇందులో చిక్కు ఏమిటంటే, కాయలోని పిండం తల్లి చెట్టు నకలు కాదు. పొడుగు రకాల్లో పుప్పొడి ఎక్కువగా పక్క చెట్ల నుంచి వస్తుంది. దాన్ని వెయ్యి మొక్కలు చేస్తే, ఎలా కాస్తుందో తెలియని ఒక బిడ్డకు వెయ్యి నకళ్ళు వస్తాయి. మంచి సంకర జాతి గింజలను వేగంగా పెంచడానికీ, అరుదైన రకాలను భద్రపరచడానికీ ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. తోటలో నిలబడ్డ ఆ చెట్టును తిరిగి తెచ్చివ్వదు.

విచిత్రం ఏమిటంటే, మిగతా మొక్కలన్నీ సీసాలో పెరగడానికి చెయ్యందించింది కొబ్బరే. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పసి పిండాలను బతికించింది కొబ్బరి నీళ్ళతోనే. కొబ్బరి నీళ్ళు అసలు పుట్టిందే పిండాన్ని సాకడానికి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. నేటికీ ఆర్కిడ్ల సీసాల్లో లీటరుకు 100-150 మిల్లీలీటర్లు పోస్తారు. సీసా దాటిన అరటి మొక్క మొదట కాలు పెట్టేదీ కొబ్బరి పీచు పొట్టులోనే. సీసాలో పెరిగిన ఆకుకు పైన మైనపు పూత సరిగా ఉండదు, ఆకు రంధ్రాలకు మూసుకోవడం రాదు. నేరుగా ఎండలో పెడితే గంటలో వాడుతుంది. పొట్టు నింపిన ట్రేలో, తేమ పట్టే గుడారంలో నాలుగైదు వారాలు, తర్వాత షేడ్‌నెట్ కింద కవర్లలో మరో ఆరేడు వారాలు ఉంచితేనే మన ఏప్రిల్ ఎండకు తట్టుకుంటుంది. కొందరు ఏజెంట్లు ఈ రెండో విడత సగంలోనే మొక్కలు దింపేస్తారు. ఆకులు ఐదారు లేని, కవరు అడుగున వేరు కనపడని మొక్కను తిప్పి పంపడం మంచిది.

ఇంకో సంగతి. టిష్యూ కల్చర్ మొక్కంటే తెగులు లేని మొక్క అని అర్థం కాదు. దుంపలో వెర్రితల తెగులు వైరస్ ఉంటే, ఆరు వేల పిల్లల్లోకీ అది చక్కగా పంచబడుతుంది. తల్లి దుంపనూ, మొక్కల బ్యాచ్‌నూ పరీక్షించిన పత్రం ఉండాలి. 2006లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇందుకోసమే ఒక ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. బిల్లుతో పాటు ఆ బ్యాచ్ ధ్రువపత్రం అడిగే హక్కు కొనేవాడికుంది.

కొబ్బరికి ప్రస్తుతానికి మిగిలింది కాయే. ఇరవై ఏళ్ళు దాటి, ఏటా 80 కాయలకు తగ్గకుండా కాస్తున్న చెట్టును గుర్తుపెట్టుకుని, 11-12 నెలలు ముదిరిన కాయలు దించి నారుమడిలో పెట్టాలి. ముందు మొలిచినవాటినే ఉంచాలి. ఏడాది నిండేసరికి ఆరు ఆకులు, మొదలు దగ్గర పది సెంటీమీటర్ల చుట్టుకొలత, త్వరగా చీలిన ఆకు ఉన్న మొక్కలను తోటకు తీసుకెళ్ళి, మిగతావాటిని ఏ మొహమాటం లేకుండా మడిలోనే వదిలెయ్యాలి.